కంచెకు వేలాడిన రొట్టె

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఒతీలియా ఆ మాట ఏడోసారి చెప్పింది.

"డబ్బా బయటే ఉంది మేడం. భోజనానికి బెల్టు ఆగిందంటే నా డబ్బా షెడ్డులో ఉండదు. పద్నాలుగేళ్ళుగా ఏనాడూ ఉండలేదు."

"బుధవారం?"

"బుధవారం కూడా అంతే. పన్నెండున్నరకి బెల్టు ఆగింది. పన్నెండూ ముప్పై అయిదుకి డబ్బా పట్టుకెళ్ళి వెనకున్న ఇసక డ్రమ్ములో గుమ్మరించా. మూత పెట్టా. చేతులు కడుక్కుని అందరితోపాటు చారు తాగడానికి వెళ్ళా."

ఇన్‌స్పెక్టర్ బోగ్నా ఈసారి రాసుకోలేదు. ఏడుసార్లు చెప్పించినా నిమిషం అటూ ఇటూ కాలేదు. అబద్ధమాడేవాళ్ళకి మూడోసారికే కొత్త వివరాలు గుర్తుకొస్తాయని పాతికేళ్ళ సర్వీసులో ఆమె నేర్చుకుంది. ఒతీలియాకి కొత్తగా ఏమీ గుర్తు రాలేదు.

ఒతీలియా క్వోస్‌కి యాభై ఆరేళ్ళు. పోలండులోని లిప్నిత్సా ఊరు పారేసే ప్యాకింగు చెత్తంతా, అంటే పాల అట్టడబ్బాలూ పెరుగు కప్పులూ షాంపూ సీసాలూ అన్నీ, ఆ షెడ్డుకే వస్తాయి. బెల్టు మీద పారుతున్న సరుకులోంచి ఆరుగురు ఆడవాళ్ళు రకానికో కుప్ప ఏరతారు. అందరికంటే ముందు నిలబడేది ఒతీలియా. ఆమె పని బ్యాటరీలు పట్టుకోవడం. బ్యాటరీలు దాచడంలో లిప్నిత్సా జనం ఘనులు. తెరిస్తే పాటపాడే పుట్టినరోజు కార్డుల్లో, కరెంటు పళ్ళబ్రష్షుల్లో, నడిస్తే వెలిగే పిల్లల బూట్లలో అవి ఉండిపోతాయి. వాటిలో ఏ ఒక్కటి ప్రెస్సు మిషన్లో నలిగినా అగ్గి పుడుతుంది. ఒతీలియా వాటిని ఊడబీకి, రెండు కొనలకూ టేపు చుట్టి, డబ్బాలో వేస్తుంది. ప్రతి మే నెలలో చౌరస్తాలో బల్ల వేసుకుని, పాత బ్యాటరీలు తెచ్చినవాళ్ళకి పూలనారు పంచేది కూడా ఆమే. ఊళ్ళో ఆమెను బ్యాటరీల ఒతీలియా అంటేనే గుర్తుపడతారు.

అలాంటి మనిషి బ్యాటరీ విషయంలో అజాగ్రత్తగా ఉండి షెడ్డు తగలబెట్టిందన్నది కేసు. బుధవారం ఒంటిగంటా పన్నెండుకి అలారం మోగింది. ప్రెస్సులో అదిమి కట్టలు కట్టిన ఎనిమిది వందల బేళ్ళ ప్యాకింగు సరుకు తగలబడింది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కయెతాన్ వెనక తలుపుకి నాలుగు అడుగుల దూరంలో శవమై దొరికాడు. అతను ఒతీలియాకి స్వయానా తమ్ముడు. నాలుగు గంటలకు ఆమెను ప్రాసిక్యూటర్ ముందు నిలబెడతారు. అశ్రద్ధతో ప్రాణం తీసిన నేరానికి ఎనిమిదేళ్ళ దాకా పడొచ్చు.

"కయెతాన్ చారుకి ఎందుకు రాలేదు?"

"ఆకల్లేదన్నాడు."

"రోజూ ఆకలేస్తుందా?"

"వేస్తుంది."

బ్యాటరీల గురించి అడిగితే పేజీలకొద్దీ చెప్పే మనిషి తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కో మాటతో సరిపెడుతోంది. బోగ్నా కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.

"మామూలుగా భోజనం ఎక్కడ చేస్తారు?"

"షెడ్డులోనే. గోడకి అల్మారా ఉంది. రోజుకొకరం రొట్టె తెస్తాం. బుధవారం నా వంతు. పొద్దున తొమ్మిదింటికి కోశా, తలా ఒక ముక్క. మిగతాది మధ్యాహ్నానికని అల్మారాలో పెట్టా."

"మధ్యాహ్నం తినలేదు కదా?"

"మేనేజరు బోంక్ గారు అందర్నీ ఎదురుగా ఉన్న హోటలుకి తీసుకెళ్ళారు. జూరెక్ చారు తనే ఇప్పిస్తానన్నారు."

"ఇంతకు ముందెప్పుడైనా ఇప్పించారా?"

"ఆయనా? మంచినీళ్ళు కూడా..." అనబోయి ఒతీలియా పెదవులు బిగించింది. "గుర్తులేదు."

"మరి ఆ రొట్టె ఏమైంది?"

అంతదాకా బోగ్నా కళ్ళలోకి చూసి మాట్లాడిన ఒతీలియా బల్ల అంచు వైపు చూసింది.

"కాలిపోయుంటుంది."

ఏడుసార్లు చెప్పిన కథలో అబద్ధం లేదు. ఒక్కసారి చెప్పిన ఈ మాటలో ఉంది. బోగ్నాకి అది తెలిసింది గానీ, రొట్టె గురించి ఎవరైనా అబద్ధం ఎందుకాడతారో మాత్రం తెలియలేదు.

వరండాలో సెవెరిన్ గాయ్ కాచుకుని ఉన్నాడు. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన అధికారి. ముప్పై నాలుగేళ్ళవాడు. బూట్లు అద్దంలా మెరుస్తాయి, రిపోర్టులు అంతకంటే మెరుస్తాయి. ఈ రిపోర్టు ముందురోజు రాత్రే పూర్తి చేశాడు.

"ఇంకా ఏం మిగిలిందండీ బోగ్నా గారూ? ఆవిడ డబ్బా లెక్క మీరు ఇంకా ఎన్నిసార్లు వింటారు?"

"నువ్వు ఎన్నిసార్లు విన్నావు నాయనా?"

"ఒకసారి. నాకు ఒకసారి చాలు. మూడో వరస బేళ్ళ దగ్గర డ్రిల్లు మిషను బ్యాటరీ దొరికింది. నలిగిపోయి ఉంది. మంట అక్కడే పుట్టిందని ఫైరువాళ్ళే చెప్పారు. బెల్టు మీద దాన్ని పట్టుకోవలసింది ఎవరు? ఆవిడ. పట్టుకోలేదు. అది ప్రెస్సులో పడింది, బేలులో చేరింది, అంటుకుంది. దీనికి డిటెక్టివు కూడా అక్కర్లేదు."

"బేలు లోపల దొరికిందా, బేలు కింద దొరికిందా?"

"తేడా ఏముంది?"

"బట్టతలకీ మోకాలికీ ఉన్నంత తేడా ఉంది. తాళాలివ్వు, చూసొస్తా."

"నాలుగింటికి ప్రాసిక్యూటర్ వస్తారు," అన్నాడు సెవెరిన్. తాళాలు ఇచ్చాడు గానీ, ఇస్తూనే తన కారు వైపు నడిచాడు. ఆమెను ఒంటరిగా అక్కడికి పంపే ఉద్దేశం అతనికి లేదు.

రెండూ పదికి షెడ్డు గేటు దగ్గర మేనేజరు బోంక్ ఎదురొచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తటి గొంతు. కుడి అరచేతికి తెల్లటి కట్టు. ఉద్యోగిని కాపాడబోయి చెయ్యి కాల్చుకున్న మేనేజరంటూ ఊరి పత్రిక ఫోటో వేసింది. ఆ ఫోటోలోనూ కట్టే ముందుకొచ్చింది.

"మొదట పరిగెత్తింది మీరేనట కదా?" అంది బోగ్నా.

"అలారం వినగానే. హోటల్లోంచి వెనక తలుపు దగ్గరికి చేరేసరికి ఒంటిగంటా పదహారు. అప్పటికి పొగ తప్ప ఏం లేదు. తలుపు లాగాను. రాలేదు. వేడికి బిగుసుకుపోయిందనుకుంటా. ఇంతలో ఫైరువాళ్ళొచ్చి ముందు షట్టరు కోశారు."

"రెండు చేతులతో లాగారా?"

"లోపల ప్రాణం పోతుంటే ఒక్క చేత్తో లాగుతారా మేడం ఎవరైనా?"

"అయితే మీ ఎడంచెయ్యి అదృష్టం చేసుకుంది."

బోంక్ నవ్వబోయి మానుకున్నాడు. "కయెతాన్ బంగారం లాంటి మనిషి. అక్క చేసిన పొరపాటుకి బలైపోయాడు పాపం. వాళ్ళ కుటుంబానికి కావలసినవన్నీ నేనే దగ్గరుండి చూస్తున్నా."

"ఇవాళ పొద్దున తనిఖీవాళ్ళు రావాలట కదా ఇక్కడికి?"

"రావాలి. బేళ్ళు కోసి చూస్తామన్నారు. ఇంకేం కోస్తారు?" నిట్టూర్చి గడియారం చూసుకున్నాడు. "నాకు కాస్త పనుంది. ఉండమంటారా?"

"అక్కర్లేదు. వెళ్ళిరండి."

ఆ మాట అన్నందుకు దాదాపు గంటన్నర తర్వాత బోగ్నా తనను తాను తిట్టుకోబోతోంది. అప్పటికి మాత్రం ఆమె మనసంతా మూడో వరస మీదే ఉంది.

షెడ్డుకి పైకప్పు లేదు. నేలంతా నల్లటి బురద. సుద్దముక్కతో గీసిన గుండ్రం దగ్గర బోగ్నా గొంతుకూర్చుంది. నలిగిన బ్యాటరీ దొరికిన చోటు అదే. దాని మీద అడుగు వరస బేలు ఉండేది. ఫైరువాళ్ళు ఆ బేలును పక్కకు దొర్లించారు గానీ, అది నిలబడిన చోట సిమెంటు నేల మిగతా నేల కంటే తెల్లగా ఉంది. సుద్ద గుండ్రం ఆ తెల్లటి చదరానికి నట్టనడుమ ఉంది.

"బేలు కింద," అంది బోగ్నా.

"కింద అయితే?" సెవెరిన్ బూట్లకు బురద అంటకుండా ఇటుక మీద నిలబడ్డాడు.

"ఒక్కో బేలు నాలుగు వందల కిలోలు. దీని మీద ఇంకో రెండు. ఈ ఇనప బిళ్ళ మీద తేదీ చదువు. మార్చి తొమ్మిది. అంటే రెండు నెలలుగా ఇది ఇక్కడే కూర్చుంది. బ్యాటరీ దీని లోపల ఉంటే మార్చిలోనే అంటుకునేది. నలిగిన బ్యాటరీ రెండు నెలలపాటు బుద్ధిమంతుడిలా కూర్చుంటుందా? అది దీని కిందికి బుధవారమే వెళ్ళింది. మూడు బేళ్ళు ఎత్తి, బ్యాటరీ పెట్టి, మళ్ళీ దాని నెత్తిన దించారు. ఒతీలియా ఎత్తగలదా పన్నెండు వందల కిలోలు?"

సెవెరిన్ చూపు ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఫోర్క్‌లిఫ్ట్ మీదికి వెళ్ళింది. సీటు కాలి తీగలు తేలాయి. తాళంచెవి దానికే ఉంది.

బోగ్నా జేబులోంచి కత్తి తీసి బేలును లోతుగా చీల్చింది. గట్టిగా అదిమిన సరుకు లోపలికంటా కాలదు. కాలని నడిమి భాగంలో తడి తివాచీ ముక్కలు, పసిపిల్లల వాడేసిన డైపర్లు, ఎవరూ చదవలేని అక్షరాలున్న సబ్బు సీసాలు బయటపడ్డాయి. లిప్నిత్సా దుకాణాల్లో అలాంటి సీసా ఒక్కటీ దొరకదు. ఎక్కడివాళ్ళో వదిలించుకున్న చెత్త అది. కంపెనీ కాగితాల ప్రకారం మాత్రం ఈ సరుకంతా మార్చి నెలాఖరుకే కరిగి ప్లాస్టిక్ గుళికలుగా మారి వెళ్ళిపోయింది. తనిఖీవాళ్ళు ఇవాళ పొద్దున కోయబోయింది వీటినే.

"కాగితం మీద లేని సరుకు నేల మీద కూడా లేకుండా పోవాలి. అది కావలసింది ఎవరికో నువ్వే చెప్పు."

"బోంక్ పన్నెండూ నలభై నుంచీ హోటల్లో ఉన్నాడు. ఆరుగురు ఆడవాళ్ళు సాక్ష్యం," అన్నాడు సెవెరిన్ చిరాగ్గా. "మీకు ఆవిడ మీద జాలి ఉంటే ఉండనివ్వండి. దాన్ని సాక్ష్యం అని మాత్రం పిలవకండి."

బోగ్నా షెడ్డు వెనక్కి నడిచింది. ముప్పై అడుగుల దూరంలో, చిన్న రేకు కప్పు కింద ఇసక డ్రమ్ము చెక్కుచెదరకుండా ఉంది. మూత తీసి పుల్లతో కదిపింది. పై పొరలో బుధవారం నాటి పంట కనబడింది. ప్రతి బ్యాటరీకీ రెండు కొనలా పసుపు టేపు. పుట్టినరోజు కార్డులోంచి తీసిన బొత్తాం బ్యాటరీని సైతం చాక్లెట్టు చుట్టినట్టు చుట్టి పెట్టింది. ఒతీలియా ఏడుసార్లు చెప్పింది ఏడుసార్లూ నిజమే.

మూత పెట్టి తలెత్తితే ఎదురుగా ఇనప కంచె. కంచె కమ్మీకి ఒక గుడ్డ సంచి వేలాడుతోంది.

లిప్నిత్సా అనేముంది, పోలండు అంతటా ఆ సంచీని ఎవరూ రెండోసారి చూడరు. మిగిలిన రొట్టెను చెత్తలో వేయడం ఇక్కడ మహాపాపం. చేతిలోంచి ముక్క జారి కింద పడితే తీసి ముద్దు పెట్టుకుని తింటారు. ఎండిపోయిన రొట్టెను సంచిలో వేసి చెత్తడబ్బా పక్కన కంచెకు తగిలిస్తారు. గుర్రాలున్నవాళ్ళో కోళ్ళున్నవాళ్ళో పట్టుకెళ్తారు. ప్యాకింగు కవర్లు ఎక్కడపడితే అక్కడ విసిరేసే మొరటువాడు కూడా రొట్టె దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు.

బోగ్నా చేతికి తొడుగు వేసుకుని సంచి దించింది. గుండ్రటి రై రొట్టె. ముప్పావు వంతు మిగిలి ఉంది. అడుగున కత్తిమొనతో గీసిన శిలువ గుర్తు. కోసే ముందు రొట్టెకు శిలువ గీయడం పాతకాలపు ఇళ్ళలో అలవాటు. ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. పొగ వాసన అసలు లేదు. పొగ ఇటువైపు రాలేదని కాదు, సంచి గుడ్డకు మసి పట్టింది. మూతి మాత్రం రెండు ముళ్ళతో బిగించి ఉంది. అంటే పొగ పుట్టకముందే కట్టిన సంచి.

"ఇదిగో అల్మారాలో రొట్టె," అంది.

సెవెరిన్ పకపకా నవ్వాడు. "రొట్టె సంచా! మా అమ్మమ్మ కూడా కట్టేది. ఊళ్ళో కంచెకో సంచి ఉంటుంది బోగ్నా గారూ. దీన్ని పట్టుకెళ్ళి ప్రాసిక్యూటర్ ముందు పెడతారా? వెన్న కూడా పట్టుకెళ్ళండి."

"నవ్వడం అయ్యాక ఒక్కమాట చెప్పు. మీ అమ్మమ్మ ఎప్పుడు కట్టేది?"

"ఎండిపోయాక."

"ఇది ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి కోసిన రొట్టె. మధ్యాహ్నానికని అల్మారాలో దాచింది. భోజనం వేళకి ముప్పావు వంతు ఉన్న తాజా రొట్టెను ఏ వెర్రివాడు కంచెకు కడతాడు?"

సెవెరిన్ నవ్వు ఆగింది.

"అల్మారా కాలిపోబోతోందని తెలిసినవాడు కడతాడు," అంది బోగ్నా. "షెడ్డుకి నిప్పు పెట్టడానికి అతనికి చెయ్యి వచ్చింది. రొట్టెకు పెట్టడానికి రాలేదు. ముందు ఇది తెచ్చి ఇక్కడ కట్టాడు. తర్వాత మళ్ళీ లోపలికెళ్ళి ఆ పని చేశాడు. హోటలుకి రానిది ఒక్కడే. ఫోర్క్‌లిఫ్ట్ నడపడం వచ్చింది కూడా ఆ ఒక్కడికే."

"కయెతాన్." సెవెరిన్ ఆ పేరు మెల్లిగా పలికాడు. వెంటనే తేరుకున్నాడు. "బాగుంది. చచ్చినవాడి మీదికి నెట్టేస్తే అక్క బయటపడుతుంది. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా."

"రాడు. అందుకే వాడి తరఫున తలుపును అడుగుదాం. దారి తెలిసిన మనిషి తలుపుకు నాలుగడుగుల దూరంలో ఎలా పోయాడు?"

"పొగలో దారి తప్పాడు."

"నీ రిపోర్టులో అది నేనూ చదివాను."

వెనక తలుపు ఇనుముది. బయటివైపు బొటనవేలంత లావు గడియ ఉంది. వేడికి తలుపు రంగు పొక్కులు పొక్కింది. సందుల్లోంచి కారిన పొగకు గడియ కూడా నల్లగా మాడిపోయింది. ఫైరువాళ్ళ ఫోటోల్లో ఆ గడియ తీసే ఉంది. బోగ్నా టార్చి వెలిగించి గడియ కొన చూసింది. కొన దగ్గర నాలుగు వేళ్ళ మేర మసి లేదు, పొక్కు లేదు. కొత్త ఇనుములా మెరుస్తోంది.

ఆమె పక్కకు జరిగి సెవెరిన్‌ను రమ్మంది. అతను ఇటుక దిగి బురదలోకి అడుగేశాడు. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"తలుపు మాడుతున్నంతసేపూ ఈ కొన గోడ రంధ్రంలో ఉంది," అన్నాడు చివరికి. గొంతులో వెటకారం పోయింది. "గడియ వేసి ఉంది. ఆరిపోకముందే ఎవరో తీశారు."

"కాలుతున్న ఇనప గడియను. ఒక్క చేత్తో."

"బోంక్."

"తేలు కుట్టిన దొంగ అరవడు. వీడు అరవడమే కాదు, పేపర్లో ఫోటో కూడా వేయించుకున్నాడు. ఫోటోలు తియ్యి. ఆ గడియ విప్పించి సీలు వేయించు. రిపోర్టు ఏం చేస్తావో నీ ఇష్టం."

సెవెరిన్ ఆమె ముందే ఫోను తీసి ప్రయోగశాల మనిషిని రమ్మన్నాడు. క్షమించమని అడగలేదు. బోగ్నా ఎదురుచూడనూ లేదు.

మూడూ ఇరవైకి ఇద్దరూ స్టేషన్లో ఉన్నారు. బోగ్నా రొట్టె సంచిని ఒతీలియా ముందు బల్ల మీద పెట్టింది. సెవెరిన్ గోడవారన కుర్చీలో కూర్చున్నాడు.

ఒతీలియా సంచిని ముట్టుకోలేదు. ముడి వైపు మాత్రం చూసింది. తర్వాత చాలా స్పష్టంగా, బ్యాటరీల గురించి చెప్పే గొంతుతోనే చెప్పింది.

"అది నేనే కట్టాను."

"ఎప్పుడు?"

"డ్రమ్ము దగ్గరికి వెళ్ళినప్పుడు."

"ఎందుకు?"

"షెడ్డు తగలబెట్టబోతున్నా కాబట్టి. రాసుకోండి. నేనే పెట్టాను నిప్పు. తెలిసే పెట్టాను."

సెవెరిన్ కుర్చీలో నిటారుగా అయ్యాడు. అశ్రద్ధకి ఎనిమిదేళ్ళయితే, కావాలని నిప్పు పెట్టి మనిషిని చంపినందుకు అంతకు రెట్టింపు. ఆ సంగతి ఒతీలియాకి పొద్దుననే చదివి వినిపించారు.

"మూడు బేళ్ళూ ఎత్తింది ఎవరు?"

"నేనే. ఫోర్క్‌లిఫ్ట్‌తో."

"స్టార్టు చేశాక ముందు ఏ పెడలు తొక్కాలి?"

ఒతీలియా బల్ల కింద కుడికాలు కదిపింది, తర్వాత ఎడమకాలు.

"మీరు నాకు ఒక్కటే అబద్ధం చెప్పారు ఒతీలియా గారూ. రొట్టె కాలిపోయుంటుందని. బుధవారం మీరు పరిగెత్తింది ఆ కంచె పక్కనుంచే. చూశారు కదా?"

ఒతీలియా సంచి మూతి వైపు వేలు చూపింది.

"సంచి చూశాను. ముడి చూశాను. వాడు రెండు ముళ్ళేస్తాడు. చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది, ఎలకలు దూరకుండా." ఆమె చేతులు ఒళ్ళోకి తీసుకుంది. "మంట ఇంకా కనబడనేలేదు. పొగ వస్తోందంతే. ఆ సంచి చూడగానే ఏం చేశాడో నాకు తెలిసిపోయింది. తనిఖీ అయితే షెడ్డు మూసేస్తారని, లారీలవాళ్ళతో కలిపి నలభై ఇళ్ళు రోడ్డున పడతాయని బోంక్ వారం నుంచీ వాడి చెవిలో జోరీగలా పోరుతున్నాడు. ఆయన మాట వినొద్దన్నా. వాడు వినలేదు. రేపు పది గంటలకి వాడిని పూడుస్తారు మేడం. నిప్పు పెట్టినవాడని చెప్పి పూడిస్తే ఆ పిల్లలు ఈ ఊళ్ళో ఎలా నడుస్తారు? నన్నంటారా, అననివ్వండి. నాకెవరున్నారు అడగడానికి?"

బోగ్నాకి జాలి వేసింది. కోపం కూడా వచ్చింది, ఇంత మంచి మనిషి ఇంత తేలిగ్గా తనను తాను పారేసుకుంటున్నందుకు. రెండూ పక్కన పెట్టి, సీలు వేసిన కవరు బల్ల మీద పెట్టింది. పారదర్శకమైన కవరు. లోపల ఇనప గడియ.

"ఇది వెనక తలుపుది. బయటివైపు ఉండేది. ఈ కొన చూడండి. మసి పట్టలేదు. మంటలు రేగినప్పుడు ఈ గడియ వేసి ఉంది. మీ తమ్ముడు పొగలో దారి తప్పలేదు. సరిగ్గా తలుపు దగ్గరికే వచ్చాడు. తలుపు బయటినుంచి మూసి ఉంది."

ఒతీలియా గడియ కొన చూసింది. బెల్టు మీద పారే సరుకులోంచి బ్యాటరీని పసిగట్టే కళ్ళు అవి. ఇంకోసారి చెప్పవలసిన పని లేకపోయింది. ఆమె గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులుగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. సెవెరిన్ లేచి మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వాటిని ఆమె తాగలేదు.

ముఖం తుడుచుకున్నాక మాట్లాడిన గొంతు వేరు.

"ఒంటిగంటకి రెండు నిమిషాలు తక్కువ. హోటల్లో రేడియో ఉంది. వార్తలు మొదలవకముందే బోంక్ లేచాడు, ఫోనొచ్చిందని. ఫోను బల్ల మీదే ఉంది. ఒంటిగంటా ఏడుకి, వార్తలయి వాతావరణం చెప్తుంటే వచ్చాడు. చారు చల్లారిపోయిందని మళ్ళీ వేడి చేయించుకున్నాడు. మా ఆరుగురం చూశాం. అడగండి."

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు సెవెరిన్. "వెళ్ళి గడియ వేసి రావడానికి సరిపోతుంది." అతను రిపోర్టు కాగితాలు తీసి మధ్యకు చింపి చెత్తబుట్టలో వేశాడు. కాగితాల బుట్టలో వేయాల్సింది, తడి చెత్తలో వేశాడు. ఒతీలియా అలవాటు కొద్దీ అటు చూసి, చూపు తిప్పుకుంది.

"వాడిని లోపల పెట్టి తలుపు ఎందుకు మూసేశాడు?" అంది. "చెప్పినట్టే చేశాడు కదా నా తమ్ముడు."

"చేసినవాడు చెప్పించినవాడి పేరు ఎప్పుడో ఒకప్పుడు బయటపెడతాడు," అంది బోగ్నా. "అది తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగలకూడదు, అంతే."

ఆ మాట ఇంకా పూర్తవకముందే ఒతీలియా బల్ల పట్టుకుని లేచింది.

"నిన్న సాయంత్రం బోంక్ మా ఇంటికొచ్చాడు. పోయేముందు కయెతాన్ ఏమన్నా చెప్పాడా అని అడిగాడు. నేరం నా మీదే ఉండాలి కదా, కయెతాన్ చేసిన పని నాకు తెలుసని పసిగట్టకూడదని... కయెతాన్ నాకేం చెప్పడండీ, ఏదున్నా పెళ్ళానికే చెప్పుకుంటాడు అన్నాను."

"అతని భార్య అపొలోనియా ఇప్పుడెక్కడుంది?"

"శవపేటిక ఎంచాలి. ఇవాళ మూడున్నరకి బోంక్ తనే కారులో తీసుకెళ్తానన్నాడు."

గోడ గడియారం మూడూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. సెవెరిన్ అప్పటికే అపొలోనియా నంబరు కొట్టి ఫోను చెవికి పెట్టుకున్నాడు. మూడుసార్లు కొట్టాడు. ఆపేసి ఉంది. బోగ్నా కారు తాళాలు అందుకుని తలుపు వైపు పరిగెత్తింది.

"కయెతాన్ పేరు కాపాడబోయి," అంది ఒతీలియా వెనకనుంచి, "అపొలోనియాని నేనే బోంక్ చేతికి అప్పజెప్పాను."